జంజీరా కోట గుమ్మం

బయల్దేరే ముందు వారం రోజులూ ఇంట్లో ఒకటే చర్చ: అమ్మ మోకాళ్లు.

మహారాష్ట్ర తీరాన సముద్రం మధ్యలో ఉన్న జంజీరా కోటకి వెళ్లొచ్చిన మా ఆఫీసు వాళ్లంతా ఒకే మాట చెప్పారు. "కోటలో నడక పెద్ద కష్టం కాదు. పడవ దిగేటప్పుడే జాగ్రత్త. పడవ ఊగుతూ ఉంటుంది, మెట్లు పాకుడు పట్టి ఉంటాయి, అదను చూసి మనమే దిగాలి." అమ్మకి అరవై ఆరేళ్లు. రెండు మోకాళ్లూ అరిగాయి. అపార్ట్‌మెంటులో లిఫ్టు పాడైతే ఆ పూట కిందికి దిగదు. ఆ మనిషిని ఊగే పడవలోంచి మెట్ల మీదికి దిగమనడం ఏమిటని నాకు టెన్షన్. మా ఆయన అయితే, "అత్తయ్యగారిని ఒడ్డునే కూర్చోబెడదాం, నేను తోడుంటాను" అని ముందే ఒప్పేసుకున్నారు.

ఇది 2018 డిసెంబరు నాటి మాట. అప్పుడు మేం పుణెలో ఉండేవాళ్లం. సంక్రాంతి దాకా ఉందామని అమ్మానాన్నా వచ్చారు. వచ్చిన రెండో రోజే నాన్న అట్లాసు తీసి టేబుల్ మీద పెట్టారు. ముప్ఫై నాలుగేళ్లు హైస్కూల్లో సోషల్ చెప్పి రిటైరైన మనిషి. "గిరిదుర్గం అంటే కొండపల్లి చూపించేవాణ్ణి, కొండవీడు చూపించేవాణ్ణి. జలదుర్గం అని బోర్డు మీద రాసి, చుట్టూ నాలుగు అలలు గీసి ఊరుకునేవాణ్ణి. నేనే చూడందే పిల్లలకేం చూపిస్తాను?" అన్నారు. ఆయనకి చూడాలని ఉంది, అమ్మకి మోకాళ్లు ఉన్నాయి. ఇదీ మా సమస్య అనుకున్నాం. అసలు సమస్య వేరే ఉందని పడవ ఎక్కాక గానీ తెలియలేదు.

పుణె నుంచి ఉదయం బయల్దేరి తామ్హిణి ఘాట్ దిగి కొంకణంలోకి వెళ్లాం. ఘాట్ మలుపులకి పాప రెండుసార్లు వాంతి చేసుకుంది. అంతకన్నా చెప్పుకోవాల్సిందేమీ లేదు. మురుద్ చేరేసరికి మధ్యాహ్నం దాటింది. కోటకి పడవలు దొరికేది ఇంకో నాలుగైదు కిలోమీటర్లు దిగువనున్న రాజపురి అనే జాలరి ఊళ్లో. అక్కడికి వెళ్తే టికెట్ల దగ్గర లైను రోడ్డు దాకా వచ్చేసింది. సెలవు రోజులు. లైనులో గంటకు పైగా నిలబడ్డాక ఈ పూటకి ఇక చాలన్నారు. మా తప్పే. ఇలాంటి చోటికి ఉదయమే వెళ్లాలి, శని ఆదివారాలు అసలు వెళ్లకూడదు, వానాకాలంలో అయితే పడవలే వెయ్యరు. ఈ మూడు ముక్కలూ ముందే తెలిసి ఉంటే ఒక పూట మిగిలేది.

ఆ రాత్రి మురుద్‌లో దిగిన లాడ్జి సంగతి క్లుప్తంగా: సముద్రం కనిపించే గది అన్నారు. కనిపించింది, బాత్రూమ్ కిటికీలోంచి, కుర్చీ ఎక్కితే.

మర్నాడు ఏడింటికల్లా రాజపురి రేవులో ఉన్నాం. గట్టు మీద వలలు ఆరేసి ఉన్నాయి. ఎండుచేపల వాసనకి మా ఆయన జేబురుమాలు ముక్కుకి అడ్డం పెట్టుకున్నారు. అమ్మ మాత్రం గట్టిగా ఊపిరి పీల్చి, "అచ్చం మా అంతర్వేది వాసనే" అంది. నేను పట్టించుకోలేదు. ఆ మాటని అప్పుడే పట్టించుకుని ఉంటే నా టెన్షన్ సగం తగ్గి ఉండేది.

అమ్మది వశిష్ఠ గోదావరి పాయలో ఒక లంక ఊరు. ఆ ఊరికి రోడ్డు లేని రోజుల్లో పుట్టింది. సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కి నరసాపురం వెళ్లి చదువుకుంది. వరదల్లో ఇంటి గుమ్మం ముందుకి నాటు పడవ వస్తే పుస్తకాల సంచీతో ఎక్కేదట. ఈ కథలు చిన్నప్పుడు వందసార్లు విన్నాను. మోకాళ్ల నొప్పులొచ్చాక ఆ పిల్లని మేమే మర్చిపోయాం. నాన్నది చింతలపూడి వైపు మెట్ట ప్రాంతం. బోరు నీళ్లతో పొగాకు పండించే కుటుంబం. ఊరి చెరువులో మోకాలి లోతు దాటి ఎప్పుడూ దిగలేదని ఆయనే ఒప్పుకుంటారు. పెళ్లయిన కొత్తలో అత్తారింటికి వెళ్లాలంటే పంటు మీద కళ్లు మూసుకుని కూర్చునేవారని మావయ్యలు ఇప్పటికీ ఏడిపిస్తారు.

రేవులోంచి చూస్తే కోట నీళ్ల మీద పరిచిన నల్లని పట్టీలా ఉంది. గట్టి నేల నుంచి కిలోమీటరు లోపే. చుట్టూ ఒక బురుజు తర్వాత ఒక బురుజు, మధ్యలో గోడ, అంతే. సముద్రంలో ఉన్న ఒక రాతిదిబ్బ అంచు పట్టుకుని ఆ ఆకారానికే గోడ కట్టేశారు. అందుకే అది మనుషులు కట్టినట్టు కాక, నీళ్లలోంచి మొలిచినట్టు ఉంటుంది. జంజీరా అన్న మాటే అరబ్బీలో ద్వీపం అనే అర్థమున్న జజీరా నుంచి వచ్చింది. నాన్న ఈ సంగతి చెప్పగానే అమ్మ, "అయితే ఇదీ లంకే అన్నమాట" అని తేల్చేసింది.

"తాతయ్యా, మరి తలుపేది?" అంది పాప.

నిజమే. ఎంత వెతికినా తలుపు కనిపించలేదు. ద్వారం ఇటు రాజపురి వైపే ఉందని నాన్న పుస్తకంలో చదివారు. కానీ కంటికి ఆనదు.

లైఫ్ జాకెట్లు ఇచ్చారు. తడిసి ఆరి మళ్లీ తడిసిన వాసన. ఒక దాని బకిల్ విరిగితే తాడుతో కట్టారు. అది నాన్నకే వచ్చింది. పడవ తెరచాప పడవ, ఇంజన్ లేదు. ఇరవై మందికి పైగా ఎక్కాం. ఇద్దరు కుర్రాళ్లు తాడు లాగి చాప ఎత్తారు, వెనక ఒక పెద్దాయన చుక్కాని పట్టుకున్నాడు. చాప గాలి పట్టగానే పడవ ఒక పక్కకి ఒరిగింది. అంతవరకూ ఈ కోటనేలిన సిద్దీల గురించి, శివాజీ గురించి పక్కవాళ్లకి కూడా వినిపించేలా చెబుతున్న నాన్న ఠక్కున ఆగిపోయారు. మధ్యలో ఉన్న కర్రని రెండు చేతులా పట్టుకున్నారు. నేను అడిగితే, "ఏం లేదమ్మా, పాఠం గుర్తు చేసుకుంటున్నా" అన్నారు. మొహం మాత్రం పాలిపోయింది. అమ్మ పడవ అంచు మీద కూర్చుని చెయ్యి నీళ్లలో పెట్టి ఆడుకుంటోంది.

దగ్గరికి వెళ్లేకొద్దీ గోడ పెరుగుతూ వచ్చింది. నలభై అడుగుల ఎత్తంటారు. కిందినుంచి చూస్తే ఇంకా ఎక్కువే అనిపిస్తుంది. బురుజుల కంతల్లోంచి ఫిరంగి మూతులు ఇప్పటికీ బయటికి చూస్తున్నాయి. పడవ నేరుగా గోడకే గుద్దుకోబోతోందా అనిపించిన క్షణంలో రెండు బురుజుల మధ్య గోడ లోపలికి విరిగింది. ఆ మడతలో ద్వారం! ఆఖరి నిమిషం దాకా అది బయటపడదు. "వస్తే ఇక్కడిదాకా రావాలి. వచ్చాక తిరిగి పోనివ్వరు" అన్నాడు చుక్కాని పట్టిన పెద్దాయన హిందీలో, పక్కనున్న బురుజుల వైపు గడ్డం చూపిస్తూ.

ఆ రోజు రద్దీకి మెట్ల దగ్గర పడవలు అడ్డుపడ్డాయి. మమ్మల్ని కొంచెం దూరంలోనే ఆపి, తెడ్డు వేసే చిన్న పడవలోకి మార్చారు. అది మెట్ల దాకా వెళ్లింది. ఇక అక్కడ జరిగింది చెప్పాలి.

మెట్లు నల్లరాయివి. కింది మూడు నాలుగు మెట్ల మీద పచ్చటి పాకుడు. అల వస్తే పడవ మెట్టు ఎత్తుకి లేస్తుంది, అల పోతే రెండడుగులు కిందికి జారుతుంది. ఒక కుర్రాడు మెట్టు మీద నిలబడి చేతులు అందిస్తున్నాడు. "జల్దీ, జల్దీ" అంటున్నాడు. ముందున్న ఒకతను కంగారులో, పడవ కిందికి జారుతున్నప్పుడు అడుగేసి ముళ్లకంచె దాటినట్టు ఎగిరి, మోకాలు రాతికి కొట్టుకున్నాడు. నా గుండె జారిపోయింది. అమ్మని వెనక్కి లాగుదామని తిరిగేసరికి ఆవిడ అప్పటికే లేచి నిలబడింది. చీర కుచ్చిళ్లు ఎత్తి బొడ్డులో దోపుకుంది. కుర్రాడి చెయ్యి పట్టుకోలేదు. భుజం మీద చెయ్యి వేసింది. ఒక అల రానిచ్చింది, పోనిచ్చింది. ఇంకో అల వచ్చింది. పడవ లేచి, దాని అంచు మెట్టుకి సమానమైన క్షణంలో మా గుమ్మంలోంచి వరండాలోకి నడిచినంత తేలిగ్గా అడుగేసింది. మోకాలు వంచాల్సిన అవసరమే రాలేదు.

తర్వాత పాప, నేను. మా ఆయన. నాన్న ఇంకా కూర్చునే ఉన్నారు.

"నేను ఇక్కడే ఉంటానర్రా. మీరు చూసి రండి" అన్నారు.

ఈ కోట చూడాలని ముప్ఫై నాలుగేళ్లు కలలు కన్న మనిషి, గుమ్మం ముందు, ఆరడుగుల దూరంలో ఆ మాట అన్నారు. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. పడవ కుర్రాడు కుదరదన్నాడు. అక్కడ పడవ ఆపి ఉంచరు, వెనక జనం ఉన్నారు. మా ఆయన, "మావయ్యగారూ, నేను పట్టుకుంటాను రండి" అంటూ వంగబోతుంటే అమ్మ ఆయన్ని పక్కకి జరగమంది.

"ఏవండీ, నీళ్ల వంక చూడకండి. నా వంక చూడండి. అల లేచినప్పుడు అడుగెయ్యాలి, దిగేటప్పుడు కాదు. మీరు ఎగరక్కర్లేదు, పడవే మిమ్మల్ని పైకి తెస్తుంది. నేను రండి అన్నప్పుడు రండి, అంతే."

ఒక అల పోయింది. రెండోది చిన్నది, అమ్మ తల అడ్డంగా ఊపింది. మూడోదానికి "రండి" అంది. నాన్న వచ్చేశారు. కుడికాలు మెట్టు మీద పడింది, ఎడమకాలి చెప్పు పడవ అంచుకి తగులుకుని నీళ్లలో పడిపోయింది. కాసేపు తేలి, కోటగోడ వెంట అలా కొట్టుకుపోయింది. పాప పగలబడి నవ్వింది. నాన్న మిగిలిన చెప్పు విప్పి చేత్తో పట్టుకుని, "కోట కప్పం పుచ్చుకుందిలే" అన్నారు. ఆ తర్వాత కోటంతా వట్టికాళ్లతోనే తిరిగారు.

గుమ్మం గోడ మీద ఒక శిల్పం ఉంది. పులిలాంటి మృగం, పంజాల్లో ఏనుగుల్ని నొక్కిపట్టింది. ఆ మృగం ముందు ఏనుగులు పిల్లి నోట్లో ఎలుకల్లా ఉన్నాయి. నాన్నకి గొంతు తిరిగొచ్చింది. "శరభం" అన్నారు. అమ్మ వెంటనే వీరభద్రుడి సంబరాల్లోలా "అశ్శరభ శరభ" అని చెయ్యెత్తింది. గుమ్మంలో ఉన్న మరాఠీ కుటుంబం ఒకసారి తిరిగి చూసింది.

లోపలికి వెళ్లబోతూ నాన్న వెనక్కి తిరిగి మెట్లవైపు చాలాసేపు చూశారు. "ఏమ్మా, ఇప్పుడు నేను దిగింది ఎండలో, లైఫ్ జాకెట్టుతో, ముగ్గురు చేతులు అందిస్తుంటే. చీకట్లో, చేతిలో కత్తితో, పైనుంచి గుండ్లు కురుస్తుంటే ఎట్లా దిగుతారు?" అన్నారు. నేను చదివిన ఏ వ్యాసం కన్నా ఆ ప్రశ్నే ఈ కోట గురించి ఎక్కువ చెప్పింది. గోడ ఎత్తు, ఫిరంగుల లెక్క, ఇవన్నీ తర్వాత. ముందు ఆ అడుగు వెయ్యాలి. వెయ్యలేకే ఇంతమంది తిరిగిపోయారు.

లోపల గైడు ఒకతను మా గుంపుని పోగేశాడు. తలకింత అని డబ్బు తీసుకుని హిందీలో గడగడా చెప్పుకుపోయాడు. మొదట్లో ఇక్కడ కోలీ జాలర్లు కొయ్యదుంగలతో కట్టుకున్న చిన్న కోట ఉండేదట, రామ్ పాటిల్ అనే నాయకుడి కాలంలో. అహ్మద్‌నగర్ సుల్తాను పక్షాన పీరమ్ ఖాన్ అనేవాడు వ్యాపారిలా పడవలేసుకుని వచ్చి, ఒక్క రాత్రి తలదాచుకోనివ్వమని అడిగి, లోపలివాళ్లకి మద్యం పోయించి, పీపాల్లో దాచిన సైనికుల్ని బయటికి తీశాడట. గుమ్మం లోపలివాళ్లే తీస్తే తప్ప ఈ కోటలోకి రావడం అప్పటికీ కుదర్లేదన్నమాట.

తర్వాతిది సిద్దీల కథ. ఆఫ్రికా తూర్పు తీరం నుంచి, అబిసీనియా నుంచి వచ్చినవాళ్లు. కొందరు బానిసలుగా వచ్చి సేనాపతులయ్యారు. ఈ రాతిదిబ్బని పట్టుకుని తమ రాజ్యంగా నిలబెట్టుకున్నారు. అహ్మద్‌నగర్‌కి, బీజాపూర్‌కి, తర్వాత మొఘలులకి నౌకాబలమై బతికారు. 1689లో ఇక్కడి సిద్దీ యాకూత్ ఖాన్ బొంబాయి మీద పడి, ఇంగ్లీషు కంపెనీ వాళ్లని ఏడాదికి పైగా ముట్టడిలో పెట్టాడు. ఈ సంస్థానానికి హబ్సాన్ అని కూడా పేరు, హబ్షీల, అంటే అబిసీనియా వాళ్ల, నేల అని. నాన్న అక్కడ నన్నాపి, "నువ్వు హైదరాబాద్‌లో ఎక్కడ చదివావు?" అని అడిగారు. మాసబ్ ట్యాంక్ దగ్గర. "బస్సు ఏ స్టాపు మీదుగా వెళ్లేది?" ఏసీ గార్డ్స్ మీదుగా. "ఏసీ అంటే?" నాలుగేళ్లు ఆ స్టాపు మీదుగా తిరిగాను, ఒక్కసారైనా అడగలేదు. ఆఫ్రికన్ కేవల్రీ గార్డ్స్. నిజాం దగ్గర పనిచేసిన సిద్దీ అశ్వదళం ఉండే చోటు అది. పెళ్లి ఊరేగింపుల్లో నేను గంతులేసిన మర్ఫా వాయిద్యం వాళ్ల నుంచి వచ్చిందే. ఎక్కడో కొంకణంలో, సముద్రం మధ్యలో నిలబడి మా బస్‌స్టాప్ పేరుకి అర్థం తెలుసుకోవడం నాకు గమ్మత్తుగా అనిపించింది.

గైడు లెక్కలన్నీ 22తోనే నడిచాయి. కోట 22 ఎకరాలు. కట్టడానికి 22 ఏళ్లు. బురుజులు 22. కలాల్ బాంగ్‌డీ అనే పెద్ద ఫిరంగి 22 టన్నులు. "తాతయ్యా, ఈ అంకుల్‌కి 22 ఎక్కమే వచ్చా?" అంది పాప, తెలుగులోనే కాబట్టి సరిపోయింది. నాన్న చదివిన పుస్తకంలో బురుజులు 19. తేల్చుకుందామని తాతా మనవరాలూ ప్రాకారం మీద లెక్కపెడుతూ బయల్దేరారు. పదకొండో పన్నెండో దగ్గర గోడ మీద పొదలు అడ్డమొచ్చి, పాపకి దాహమేసి లెక్క తప్పింది. ఆ తగవు మా ఇంట్లో ఇప్పటికీ తెగలేదు.

కలాల్ బాంగ్‌డీ మీద ఎంత ఎండ పడినా వేడెక్కదని గైడు చెప్పాడు. పాప అరచెయ్యి ఆనించి చూసింది. వెచ్చగానే ఉంది. కానీ ఆ ఫిరంగి పక్కన నిలబడి నీళ్ల వైపు చూస్తే గైడు మాటలతో పని లేదు. మేం వచ్చిన దారంతా, రాజపురి రేవు నుంచి మెట్ల దాకా, దాని మూతి ముందు పరిచినట్టు కనిపిస్తుంది. మా పడవ ఎంత చిన్నగా, ఎంత నెమ్మదిగా వచ్చి ఉంటుందో అక్కడినుంచి చూస్తే తెలిసింది.

కోట మధ్యలో మంచినీటి చెరువులు రెండున్నాయి. చుట్టూ ఉప్పు సముద్రం, మధ్యలో తియ్యటి నీళ్లు. ఈ నీళ్లే లేకపోతే గోడలెంత ఎత్తుంటే మాత్రం నెలల తరబడి ముట్టడిని ఎవరు తట్టుకుంటారు? రాతి మెట్లు దిగి వెళ్లేలా అందంగా కట్టారు. ఇప్పుడు నీళ్లు పాచి పట్టి చిక్కటి ఆకుపచ్చగా ఉన్నాయి, అందులో చిప్స్ ప్యాకెట్లు తేలుతున్నాయి. సముద్రాన్ని ఆపిన కోట మనవాళ్ల చెత్తని ఆపలేకపోయింది. పక్కనే పైకప్పు పోయిన పెద్ద మేడ, లోపల చెట్లు మొలిచాయి. కిటికీ తోరణాల కింద గోడలనిండా ప్రేమికుల పేర్లు.

మాకిచ్చిన సమయం ముప్పావుగంట. అందులో సగం గైడు కబుర్లకి, పావు వంతు బురుజుల లెక్కకి పోయింది. వెనకవైపు సముద్రంలోకి తెరుచుకునే దర్యా దర్వాజా ఉందని చదివాం, అక్కడిదాకా వెళ్లలేకపోయాం. మళ్లీ వెళ్తే నేను గైడుని వదిలేసి ముందు అటే వెళ్తాను. మాకు కనిపించినంతలో లోపల టాయిలెట్ కూడా లేదు, పిల్లలున్నవాళ్లు ఒడ్డునే పని చూసుకుని ఎక్కడం మంచిది.

మెట్ల దగ్గర పడవ కోసం మళ్లీ లైను. అందాకా నాన్న ప్రాకారం నీడలో కూర్చుని పాపకి మిగతా కథ చెప్పారు. శివాజీ ఎన్నోసార్లు ప్రయత్నించాడు. పక్కనే నీళ్లలో పద్మదుర్గం అని సొంత కోట కట్టించాడు, దీనికి పోటీగా. ఆయన కొడుకు శంభాజీ 1682లో ఇంకో దారి పట్టాడు. పడవలతో కాదని, ఒడ్డు నుంచి కోట దాకా సముద్రంలో రాళ్లు పోయించి బాట వెయ్యబోయాడు. ఇంతలో మొఘల్ సైన్యం వచ్చి పడటంతో సగంలో వదిలేసి వెళ్లాల్సి వచ్చింది.

"రాముడు కట్టాడుగా?" అంది పాప.

"ఆయనకి కోతులున్నాయి" అన్నారు నాన్న.

లాయ పాటిల్ కథ చెప్పింది మాత్రం నాన్న కాదు, మా పక్కన బీడీ కాలుస్తూ కూర్చున్న పడవ పెద్దాయన. ఆయన కోలీనే. శివాజీ కాలంలో లాయ పాటిల్ అనే కోలీ వీరుడు తన మనుషులతో రాత్రి చీకట్లో వచ్చి, ఈ గోడకి నిచ్చెనలు కట్టి నిలబడ్డాడట. వెనక రావాల్సిన సైన్యం వేళకి రాలేదు. తెల్లవారబోతుంటే నిచ్చెనలు విప్పుకుని వెళ్లిపోవాల్సి వచ్చింది. ఆ సాహసానికి శివాజీ పల్లకీ ఇస్తానంటే, సముద్రం మీద బతికేవాడికి పల్లకీ ఎందుకని పాటిల్ వద్దన్నాడట. అప్పుడు శివాజీ ఒక ఓడ కట్టించి, దానికే పల్లకీ అని పేరు పెట్టి ఇచ్చాడని చెబుతారు. పెద్దాయన హిందీ సగం అర్థమైంది, సగం చేతుల్లో తెలిసింది. నిచ్చెన గోడకి ఆనించిన చోట ఆయన చేతులు రెండూ గాల్లో కాసేపు అలాగే ఆగాయి.

ఎవరూ యుద్ధంలో గెలవలేని ఆ కోట 1948లో సంస్థానాలన్నీ కలుస్తున్నప్పుడు సంతకాలతోనే మన దేశంలో కలిసిపోయింది.

మా వంతు వచ్చేసరికి పాటు తీస్తోంది. పొద్దున మేం కాలు పెట్టిన మెట్టు కన్నా రెండు మెట్లు కింద నీళ్లున్నాయి. ఆ రెండూ పూర్తిగా పాకుడు. అమ్మ ఒకసారి చూసి, "ఇప్పుడు చెప్పులతో దిగితే జారుతుంది, విప్పేసుకోండి" అంది. నాన్నకి విప్పడానికేముంది? పైగా ఒట్టికాళ్లతో తిరిగీ తిరిగీ ఆయన పాదాలకి రాయి అలవాటైంది. అందరికన్నా ముందు ఆయనే దిగారు. అమ్మ వంక కూడా చూడలేదు. పెదాలు మాత్రం కదిలాయి. లెక్కపెట్టుకుంటున్నారేమో. అల లేచింది, పడవలో కాలు పెట్టి, తిరిగి అమ్మకి చెయ్యి అందించారు. అమ్మకి ఆ చెయ్యి అవసరం లేదు. అయినా పట్టుకుంది.

మురుద్ బజార్లో ముందు చెప్పులు కొన్నాం, తర్వాత అన్నం తిన్నాం. సాయంత్రం బీచిలో కూర్చుంటే దూరంగా పద్మదుర్గం కనిపిస్తోంది. అమ్మ మోకాళ్లకి ఆయింట్‌మెంట్ రాసుకుంటోంది. కోట మెట్లకి కాదు, లాడ్జి మెట్లకి నొప్పులొచ్చాయట. నాన్న కొంచెం అవతల నిలబడి తన పాత స్కూలు మాస్టారితో ఫోన్‌లో మాట్లాడుతున్నారు. గాలికి మాటలు మా దాకా వచ్చాయి.

"అబ్బే, అంతా కష్టం కష్టం అంటారు గానీ మాస్టారూ, దిగడంలో ఏం లేదండీ. అల లేచినప్పుడు అడుగెయ్యాలి, దిగేటప్పుడు కాదు. మనం ఎగరక్కర్లేదు, పడవే పైకి తెస్తుంది. ఆ కిటుకు తెలియాలి, అంతే."

అమ్మ ఆయింట్‌మెంట్ మూత బిగిస్తూ నా వంక చూసింది. "చెప్పు సంగతి కూడా చెబుతారేమో చూడు" అంది.

చెప్పలేదు.